కవిస్మరణ సభలు : బర్న్స్ సంఘముల చరిత్ర



మహాకవి గతించిన పిమ్మట నాతని కీర్తిని నిలుపువారెవరు? ప్రభువులు శిలావిగ్రహములు నిలుపుదురు. పండితులు వ్యాఖ్యానములు వ్రాయుదురు. విశ్వవిద్యాలయములు పాఠ్యగ్రంథములలో జేర్చును. ఇవన్నియు వలసినవే. కాని యేటేట నొక దినమున నొకచోట గూడి, కవి పద్యములను నోరార జదివి, యాతని పేర నొక పూట భోజనము చేసి, పిల్లల చేత నాలుగు పద్యములు చెప్పించి యిండ్లకు బోవు సామాన్యజనుల వలన గలుగు మేలు వేఱు. పాఠకులు లేని కవికి విగ్రహ మెంత యెత్తుగ నున్నను బ్రయోజన మేమి?

మన సంఘమువారును వార్షిక మహాసభలలో గవులను స్మరించుచునే యున్నారు. పటములకు బూలమాలలు వేయుచున్నారు. పండితులకు శాలువలు గప్పుచున్నారు. ఈ యాచార మెంతవఱకు ఫలవంతమగునో తెలిసికొనుటకు, రెండువందల యేండ్లకు బైగా నొక కవిని విడువక స్మరించుచున్న యన్యదేశీయుల చరిత్ర మనకు దోడ్పడగలదు. ఆ కవి స్కాట్లండు దేశీయుడగు రాబర్ట్ బర్న్స్. ఆతని పేర వెలసిన సంఘములలో జరుగు పని యేమి, అందు మంచి యేది, చెడుగేది యని విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

బర్న్స్ 1759 సం. జనవరి 25వ తేదీన ఎయిర్ పట్టణమునకు సమీపమున నున్న ఆలోవే గ్రామమున జన్మించెను. తండ్రి మొదట తోటమాలి, పిదప గౌలురైతు. కవి పుట్టిన పూరిల్లు ఆ తండ్రి తన చేతులతో మట్టిగోడలు పెట్టి కట్టుకొన్నది. నాగలి పట్టిన చేతులతోనే బర్న్స్ కలమును బట్టి, తన యూరివారు మాటలాడు స్కాట్సు భాషలో బద్యములు వ్రాసెను. 1786 సం. జూలై 31వ తేదీన ఆతని మొదటి పుస్తకము కిల్‌మార్నాక్ పట్టణమున జాన్ విల్సను ముద్రణాలయమునుండి వెలువడెను. అచ్చు వేసినవి 612 ప్రతులు. వెల మూడు షిల్లింగులు. ముందుగా జందాదారులను గూర్చుకొని, వారి యండతో నచ్చు వేయించిన పుస్తకమిది. గ్రంథముఖమున జందాదారుల పేళ్లు ప్రకటించు మన పూర్వ గ్రంథకర్తల పద్ధతి దీనిచే జ్ఞప్తికి రాకమానదు. పోషకులు లేనిదే పుస్తకము లేదు. ఈ మాట నిచటి పోషకమహాశయులు మఱవకుందురుగాక.

పుస్తకము కొలది వారములలోనే చెల్లిపోయెను. కవికి గీర్తి వచ్చెను. కాని యైశ్వర్యము రాలేదు. కవి సుంకపుశాఖలో జిన్న యుద్యోగము చేయుచు, 1796 సం. జూలై 21వ తేదీన డంఫ్రీస్ పట్టణమున ముప్పదియేడేండ్ల వయసుననే మరణించెను. భార్యాబిడ్డలు నిరాధారులైరి. అప్పు డాతని యభిమానులు చేసిన మొదటి పని సభ చేయుట గాదు. జేమ్స్ కరీ యను వైద్యుడు కవి రచనలను నాలుగు సంపుటములుగా గూర్చి, జీవితచరిత్రను జేర్చి 1800 సం.న బ్రకటించెను. దాని వలన వచ్చిన సొమ్ము కవి కుటుంబమునకు జెందెను. అభిమానమునకు మొదటి లక్షణము ఆదుకొనుట యని దీనివలన దేలుచున్నది.

మొదటి సభ 1801 సం.న జరిగినది. కవి మరణించి సరిగా నైదేండ్లు నిండిన జూలై 21వ తేదీన దొమ్మండుగురు మిత్రులు, అభిమానులు ఆలోవేలో గవి పుట్టిన యింటనే కూడిరి. హామిల్టన్ పాల్ అను మతగురువు ఈ కూటమికి గర్త. ఆనాటికా యిల్లు కవి బంధువులది గాదు. 1781 సం.ననే కవి తండ్రి దానిని ఎయిర్ పట్టణమునందలి చర్మకారుల వృత్తిసంఘమువారికి విక్రయించి యుండెను. వారు దానిని మద్యము విక్రయించు పూటకూటిల్లుగా నద్దెకిచ్చుచుండిరి. ఆ పూటకూటింటనే యా తొమ్మండుగురు భుజించి, కవి పద్యమును జదివి, యాతని స్మృతికి మ్రొక్కి, యేటేట నిట్లు కూడవలెనని నిశ్చయించుకొనిరి. రాజాజ్ఞ లేదు, విశ్వవిద్యాలయము లేదు, నిధి లేదు. ఒక పూట భోజనమే నేడు ప్రపంచమంతట నల్లుకొన్న మహావృక్షమునకు విత్తనమైనది.

అదే కాలమున గ్రీనక్ అను రేవుపట్టణమున నొక సంఘ మేర్పడెను. ఆ సంఘమువారు నేటికిని దమది మాతృసంఘమని చెప్పుకొందురు. వారి మొదటి విందు 1802 సం. జనవరి 29వ తేదీన జరిగెను. కవి జన్మదిన మదియేయని వారు నమ్మియుండిరి. మఱుసటి యేడు, అనగా 1803 సం.న, ఎయిర్ పట్టణపు గ్రామదేవాలయ దాఖలాలను బరిశీలింపగా జన్మదినము జనవరి 25 యని తేలినది. అంతట వారు తమ పండుగ తేదీని మార్చుకొనిరి. ఇది చిన్నవిషయము గాదు. కవి గతించి యేడేండ్లైనను గాకమున్నే జన్మదినము విషయమున బొరపాటు కలిగెను. మన కవులలో నెందఱి జననకాలము నేటికిని వాదములలో నున్నదో పాఠకు లెఱుగుదురు. ఆ గ్రీనక్ వర్తకులు చేసిన పని రెండు విధముల బ్రశంసనీయము. నమ్మినదానిని దాఖలాతో సరిచూచుకొనిరి. తప్పు దెలిసినతోడనే దానిని విడిచిరి. మనము జరుపుకొను జయంతులలో నెన్నిటికి దాఖలా గలదో, ఎన్ని వినికిడిమీద నడచుచున్నవో యెవరికి వారు విచారించుకొనదగును.

ఇక నా విందు జరుగు క్రమమును వివరించెదను. అధ్యక్షుడు స్వాగతము చెప్పిన పిమ్మట, కవి పేర వాడుకలో నున్న యొక చిన్న భోజనప్రార్థన చదువుదురు. తొలుత బులుసు వంటి పానీయము వడ్డింతురు. పిమ్మట సభవారందఱు లేచి నిలువగా, వీధిభాగవతములలో శ్రుతికై మనవారు పట్టు తిత్తిని బోలిన వాద్యము నొకడు మ్రోయించుచు ముందు నడచును; వంటవాడు ‘హాగిస్’ అను వంటకమును బళ్లెరమున నుంచుకొని వెనుక వచ్చును. గొఱ్ఱె గుండె, కాలేయము, ఊపిరితిత్తులు సన్నగ దరిగి, ఓట్స్ అను ధాన్యపు రవ్వ, ఉల్లి, క్రొవ్వు, మిరియము చేర్చి, పొట్టసంచిలో గూర్చి యుడికించిన బీదల వంటకమిది. దానిని సంబోధించుచు బర్న్స్ వ్రాసిన పద్యమును గంఠస్థముగ జదువుటకు నియుక్తుడైన వాడు చదువుచు, తగిన చోట గత్తి దూసి వంటకమును జీల్చును. సభవారు కేకలు వేసి సంతోషింతురు.

భోజనానంతరము ‘అమర స్మృతి’ యను ముఖ్యోపన్యాసము జరుగును. సభలో నిది ప్రధానాంగము. ఉపన్యాసకుడు కవి జీవితములో నొక భాగమునో, ఆతని భావములలో నొకదానినో యెత్తుకొని మాటలాడును. పిదప స్త్రీజనమును గూర్చి చమత్కారముగ నొక పురుషుడు మాటలాడగా, దానికి దీటుగ నొక స్త్రీ ప్రత్యుత్తరమిచ్చును. పూర్వము పెక్కు సంఘములలో స్త్రీలకు బ్రవేశమే లేకుండెను. నేడీ ప్రత్యుత్తరమునకే సభవారు చెవియొగ్గి కాచుకొనియుందురు. నడుమ నడుమ గవి పాటలు పాడుదురు. దీర్ఘ కథాకావ్యమగు ‘టాం ఓ షాంటర్’ను జూడకుండ జదువగల వారుందురు. తుదకు వందనసమర్పణము. అటుపిమ్మట నందఱు వలయముగ నిలిచి, చేతులు పెనవేసికొని, ‘ఆల్డ్ లాంగ్ సైన్’ అను పాత మైత్రిని దలచు పాటను బాడి విడిపోవుదురు.

ఈ చివరిపాటను గూర్చి యొకమాట చెప్పవలెను. దీనిని దాను బూర్తిగ రచించితినని బర్న్స్ చెప్పుకొనలేదు. ఒక వృద్ధుడు పాడుచుండగా విని వ్రాసికొంటినని యాతడు తెలిపెను. తుది సంవత్సరములలో గవి యెక్కువ శ్రమపడినది దేశమున జెల్లాచెదరై నశించుచున్న పాటలను గూర్చుటకొఱకే. జేమ్స్ జాన్సన్ ప్రకటించిన పాటల సంపుటముల కాతడు వందలకొలది పాటలను సమకూర్చియు బ్రతిఫలము గోరలేదు. కావున కవిని స్మరించువా రాతని పేర విందారగించుట మాత్రమే గాక, ఆతడు చేసిన పనినిగూడ జేయవలెనని యా పాటయే బోధించుచున్నదని నాకు దోచును.

ఈ సంఘముల వ్యాప్తి యాశ్చర్యకరము. 1844 సం. ఆగస్టున ఎయిర్ సమీపమున జరిగిన యుత్సవమునకు గవి కుమారులును, సోదరి ఇసబెల్లయు వచ్చిరి. జనులు వేలకువేలు గూడిరి. 1859 సం.న గవి శతజయంతి జరిగినపుడు నాటి సభలనన్నిటిని జేమ్స్ బాలంటైన్ అనునాతడు గూర్చి యొక గ్రంథముగ బ్రకటించెను. అందు లెక్కకు వచ్చినవి 872 సభలు. వీనిలో స్కాట్లండున 676, ఇంగ్లండున 76, ఐర్లండున 10, వలసరాజ్యములలో 48, అమెరికా సంయుక్తరాష్ట్రములలో 61, డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్‌లో 1. బోస్టను నగరమున జరిగిన సభలో నెమర్సను మహాశయుడు మాటలాడెను. ఇట్లు విడివిడిగ నున్న సంఘములన్నియు 1885 సం.న కిల్‌మార్నాక్‌లో నొక సమాఖ్యగ నేర్పడెను. 1892 సం.నుండి ‘బర్న్స్ క్రానికల్’ అను పత్రిక వెలువడుట కారంభించెను. కవి లేఖలు, వంశవృత్తాంతములు, పాఠభేదములు, సంఘముల నివేదికలు అందు బ్రకటింపబడుచు వచ్చినవి.

అయిన నిందు దోషములు లేవా? ఉన్నవి, వానిని దాచుట చరిత్రకారుని ధర్మము గాదు. విందు పెరిగినకొలది పఠనము తఱిగినది. ఏటికొక రాత్రి కవిని బొగడి, తక్కిన దినములలో నాతని పుస్తకమును దెఱవనివారు పెక్కండ్రైరి. మద్యపాన మాతని పేర నొక యాచారమైనది. ఉపన్యాసకులు కవి వ్రాసినదానిని విడిచి, తమకు నచ్చిన మాటల నాతని నోట బెట్టసాగిరి. 1926 సం.న స్కాట్లండు కవియే యగు హ్యూ మెక్‌డైర్మిడ్ తన దీర్ఘకావ్యమున నీ సంఘములను దీవ్రముగ నధిక్షేపించెను. ఆతడు బర్న్స్‌ను ద్వేషించి యిట్లనలేదు. స్కాట్సు భాషయం దభిమానము గలవాడగుటచేతనే యనెను. ఆ భాషలో మాటలాడుటకు సిగ్గుపడుచు, ఆ భాషలోని కవికి విందు చేయువారిని జూచి యాతడు సహింపలేకపోయెను. తెలుగువారమగు మనకీ మాట తగులకపోదు. తెలుగు చదువనేరని బిడ్డలను వెంటగొని తెలుగుకవి పటమునకు బూలమాల వేయుచున్న గృహస్థు లెందఱు లేరు?

దోషములున్నను, ఈ సంఘములు మిగిల్చిన మేలు గొప్పది. పూటకూటిల్లుగ మాఱిన కవి గృహమును గూర్చి చెప్పితిని గదా. 1818 సం.న ఆంగ్లకవి కీట్స్ భక్తితో నచ్చటికి బోయి, ఆ యింటివాడు కవిని గూర్చి చెప్పు కట్టుకథలను విని రోసి వచ్చెను. తుదకు 1881 సం.న బర్న్స్ స్మారకమందిరపు ధర్మకర్తలు ఆ యింటిని గొని, పూటకూటిని దొలగించి, పూర్వరూపమునకు దెచ్చిరి. నేడది స్కాట్లండు జాతీయ న్యాసమువారి రక్షణమున నుండి, ప్రదర్శనశాలతో గూడ యాత్రికులకు దర్శనీయమై యున్నది. కవి కొంతకాలము కాపురమున్న మాక్లిన్ గ్రామముకడ 1898 సం.న నొక స్మారకగోపురమును, దానితోబాటు నిరుపేదలగు వృద్ధులకు నివాసగృహములను గట్టిరి. రాతిగోపురము కవికి, ఇండ్లు బీదలకు. బీదల పక్షమున బాడిన కవికి దగిన స్మారకమిది. బాలబాలికలకు గవి పద్యములలో బోటీలు పెట్టి యోగ్యతాపత్రము లిచ్చుట సమాఖ్యవారి ముఖ్యకార్యములలో నొకటి.

ఇట్టి మార్గమున నడచిన యభిమానులు తక్కినచోట్ల గూడ గలరు. నవలాకర్త డికెన్సు పేర 1902 సం.న లండనులో నొక సంఘ మేర్పడెను. ఆతడు 1837 మొదలు 1839 వఱకు నివసించిన డౌటీ వీథి 48వ నెంబరు గృహము కూలిపోవు స్థితి కలుగగా, ఆ సంఘమువారు 1923 సం.న దానిని గొని, 1925 సం.న బ్రదర్శనశాలగ దెఱచిరి. జేన్ ఆస్టిన్ నవలాకర్త్రి నివసించిన చాటన్ గ్రామమందలి గృహమును రక్షించుటకు 1940 సం.న, మహాయుద్ధము నడుమ, కొందఱభిమానులు సంఘముగ నేర్పడిరి, 1949 సం.న నా గృహము ప్రదర్శనశాల యయ్యెను. విందులను, ఉపన్యాసములను జనులు మఱచిపోయిరి, ఇండ్లు నిలిచినవి.

మన దేశమున నిట్టి పని జరుగలేదా యని యెవరైన నడుగవచ్చును. జరిగినది. సి. పి. బ్రౌను దొర 1820 సం.న గడపకు వచ్చి, అచ్చట నొక బంగళాను గొని, పండితులను బోషించి, తెలుగు వ్రాతప్రతులను సేకరింపించి పరిష్కరింపించెను. 1829 సం.న వేమన పద్యములను ఆంగ్లానువాదముతో నచ్చు వేయించెను. ఆతని యనంతరము బంగళా శిథిలమై మొండిగోడలు మాత్రము మిగిలెను. కడప జిల్లా రచయితల సంఘమువారు, ముఖ్యముగ జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు, ఊరూర దిరిగి చందాలు గూర్చి, ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయమును నిర్మింపించిరి. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయమున కనుబంధమై భాషాపరిశోధన కేంద్రముగ వెలయుచున్నది. పరదేశీయుడగు నొక యుద్యోగి తెలుగునకు జేసిన సేవను దెలుగువారు సభలతో బోనీక కట్టడముగను, గ్రంథములుగను నిలిపిరి. ఆలోవే కథకును గడప కథకును భేదము మిక్కిలి స్వల్పము.

ఇప్పుడు మన సంఘమును గూర్చి యొకటి రెండు మాటలు మనవి చేసెదను; పెద్దలు క్షమింతురుగాక. ఎయిర్ పట్టణపు చర్మకారుల వృత్తిసంఘము మన సంఘము వంటిదే. ఒక వృత్తివారి మేలునకై యేర్పడినది. వారి చేతిలో గవి గృహము నూఱేండ్లుండెను. వారు దానిని బాడుచేయలేదు, అద్దె తీసికొనిరి. కాని యా నూఱేండ్లలో నది కవి గృహము గాక, సంఘపుటాస్తిగ మాత్రమే యుండెను. దానిని కవి గృహముగ జేసినవారు కవి పద్యమును జదివినవారు. వారిలో రైతులు గలరు, వర్తకులు గలరు, మతగురువులు గలరు, గనికూలీలు గలరు. కవి యే కులమున బుట్టెనని కాదు, ఏమి వ్రాసెనని వా రడిగిరి. మన కులమున బుట్టిన కవిని మనవాడని చెప్పుకొని గర్వించుట సహజమే, అది తప్పుగాదు. కాని యాతనిని మనవాడని చెప్పుకొని యట్టే యుంచుకొన్నచో, మన మా పూటకూటింటి యజమానులము మాత్రమే యగుదుము. ఆతని గ్రంథమును జదివి పదుగురకు బంచినపుడే మనము వారసులము.

కావున రాబోవు సంవత్సరమున మన సంఘము వ్యయమధికము గాని నాలుగు పనులు చేయవలెనని నా మనవి. మొదటిది : మన మహాసభలో గవిస్మరణకు గేటాయించు సమయమున సగము ఆతని పద్యములను జదువుటకే విడువవలెను, పొగడ్తకు దక్కిన సగము చాలును. రెండవది : పద్యములను గంఠస్థముగ జదువు బాలబాలికలకు బహుమానము లీయవలెను, ఆ బహుమానము పుస్తకమే కావలెను. మూడవది : మన గ్రామములలో నటకలమీదను భోషాణములలోను జెదలు తినుచున్న తాళపత్రములను, పాతపుస్తకములను, పెద్దల చేవ్రాతలను లెక్క వ్రాయించి, చెడిపోకమున్నే ప్రాచ్యలిఖిత గ్రంథాలయములకు జేర్పవలెను. అవి యే కులమువారు వ్రాసినవైనను సరియే. నాలుగవది : మన వృద్ధస్త్రీల నోట మిగిలియున్న పాటలను వ్రాసికొనవలెను. వృద్ధుని నోటినుండి విని వ్రాసికొన్న పాటయే నేడు ప్రపంచమంతట బాడబడుచున్నది గదా. మన యింటి పెద్దమ్మ పాడు పాట యెంతటిదగునో యెవ రెఱుగుదురు?

తొమ్మండుగురు గూడి యొక పూట భుజించిన పుణ్యమున నొక కవి నేటికిని జీవించియున్నాడు. ఈ మహాసభకు విచ్చేసిన మనము వందలమై యున్నాము. ఈ సాయంకాలము భోజనశాలలో బంక్తులు దీర్చి కూర్చుండినపుడు, వడ్డన ముగియులోపల నొక్కొక్కరు తమకు వచ్చిన పద్య మొక్కటైన జదువుదురేని, ఈ వ్యాసకర్త శ్రమ సఫలమగును.